ఉత్తరానికి తాళం, తెలుగుకు తిప్పలు



దాచుకొనవలసినదేమీ లేనివాడి ఉత్తరానికి తాళమెందుకని మా కొత్తగూడ ప్రాంతపు సాఫ్టువేరు యువకులు కూడా అడుగుతుంటారు. మన పెద్దలు క్షేమసమాచారం కార్డు మీద రాసేవారు, ఇంటి సంగతి కవరులో పెట్టి అంటించేవారు. ఆ కవరును ఎవరూ శంకించలేదు. సాధారణ ఈ-వేగు కార్డు వంటిది. దారిలో భద్రంగా నడిచినా, మజిలీలోని సర్వరులో దాని నిర్వాహకుడు చదువగల రూపంలోనే ఉంటుంది.

రహస్యలేఖనం మనకు పరాయివిద్య కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. అయితే పాత పద్ధతిలో ఇరువురికీ ఒకే మర్మం ముందుగా తెలియాలి. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పీజీపీలో తాళంచెవులు రెండు. ఒకటి లోకానికంతటికీ పంచవచ్చు, దానితో ఎవరైనా తాళం వేయగలరు. తీయగలది మన వద్ద దాచుకొన్న రెండవ చెవి మాత్రమే. 1999లో వచ్చిన వెర్నర్ కోఖ్ గారి గ్నూపీజీ 1.0 ఈ విద్యను స్వేచ్ఛా సాఫ్టువేరుగా అందించింది. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన 'మట్'లో, టెర్మినల్ నల్లతెర మీదనే, ఉత్తరం పంపేముందు 'పీ' మీట నొక్కితే ఈ ఏర్పాటంతా ఎదుట నిలుస్తుంది.

చిక్కల్లా తెలుగుతోనే. టెర్మినల్ తెర గళ్ళకాగితం వంటిది, గడికొక అక్షరమన్నది దాని లెక్క. మన 'స్త్రీ' యూనికోడులో ఆరు సంకేతాల కూర్పు. చాలా టెర్మినళ్ళలో వత్తులు విడిపోతాయి, గుడులు చోటు తప్పుతాయి. తాళం వేసిన ఉత్తరం రోమను అక్షరాల చిక్కుముడిగా చక్కగా కనబడుతుంది. తాళం తీసిన తెలుగే చెదిరిపోతుంది! రాయడానికి ఉపాయముంది: మట్ బయటి ఎడిటరును పిలుస్తుంది గనుక, తెలుగు సరిగా చూపేదాన్ని దానికి అప్పగించవచ్చు. చదవడం దగ్గరే ఇబ్బంది.

ఈ తాళానికి హద్దులున్నాయి. పంపినవారి, అందుకొన్నవారి చిరునామాలు బయటికి కనిపిస్తాయి. విషయపంక్తి కూడా సాధారణంగా అంతే. రహస్యపు చెవి పోతే పాత ఉత్తరాలు మనకే అందవు, కనుక దాని ప్రతి ఒకటి వేరొకచోట పదిలపరచాలి.

తాళం వేసిన సమాచారపు మూలపాఠాన్ని ప్రజలు 90 రోజులు భద్రపరచాలన్న ముసాయిదాను 2015 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం ప్రకటించి, విమర్శలు రాగా ఉపసంహరించుకొంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయినా సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షను కింద ఆదేశం వస్తే విప్పి చూపవలసిందే. నిరాకరిస్తే ఏడేళ్ళ వరకు కారాగారం.

1998లో సైబర్ టవర్స్ వెలసిన ఈ సీమలో పరదేశపు సంస్థల సమాచారాన్ని కంటికి రెప్పలా కాపాడే నేర్పరులున్నారు. వారిలో ఒకరు తల్లికి తాళం వేసి పంపిన తెలుగు ఉత్తరానికి ఆమె జవాబు రాస్తే, నల్లతెర మీద అది వత్తులూడి కనబడుతుంది. నేర్పు కొరవడి కాదు, మన భాష మీద శ్రద్ధ కొరవడి వచ్చిన అవస్థ ఇది. గోప్యత హక్కయినప్పుడు, దానిని అనుభవించడానికి మాతృభాషను వదులుకోవలసిన అగత్యం ఉండరాదు. కొలువు ముగిశాక వారానికొక గంట ఈ గళ్ళకాగితాన్ని తెలుగుకు సరిదిద్దే పనికి కేటాయించమని యువమిత్రులను కోరుతున్నాను.