కోవిడ్-19లో కాలేయ నష్టము

తీవ్రమైన శ్వాసకోశ వైరస్ వ్యాధులలో ఊపిరితిత్తులతోపాటు కాలేయము కూడ దెబ్బతినుట కలదు. 2003 నాటి సార్స్‌లో కనిపించిన ఈ ఉపద్రవము 2020 నుండి కోవిడ్-19లో మరింత విస్తృతముగా గమనింపబడినది. రోగి రక్తములో ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అను ఎంజైములు పెరుగును. చాలామందిలో ఈ పెరుగుదల స్వల్పము, కామెర్లు అరుదు. జబ్బు నయమైనకొద్దీ ఎంజైములూ తగ్గును. సిర్రోసిస్ ముందే ఉన్నవారికి మాత్రము ప్రాణాపాయము ఎక్కువ.

దీనికి వైరస్ ఒక్కటే కారణమనుట కష్టము. వైరస్ కణములోనికి చొరబడుటకు వాడుకొను ఏ.సి.ఇ.-2 ప్రోటీను కాలేయకణములలో కంటె పిత్తనాళముల కణములలో అధికము. వైరస్ అక్కడ నేరుగా దెబ్బతీసినచో పిత్తనాళ దోషమును సూచించు ఎ.ఎల్.పి. బాగుగా పెరగవలెను, ఎక్కువమందిలో అట్లు జరుగలేదు. ఆక్సిజన్ కొరత, అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థ, వాడిన మందులు కూడ కాలేయమును బాధించును. (ఎ.ఎస్.టి. కండరముల నుండియు రాగలదు.)

అందువలన రోగి ఏయే మందులు వాడెనో విచారించుట అవసరము. రెమ్‌డెసివిర్, లోపినావిర్-రిటోనావిర్, మోతాదు మించిన పారాసిటమాల్ ఎంజైములను పెంచగలవు. మూలికల విషయములో వివాదము కలదు. కోవిడ్ కాలములో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయవాపు కనిపించినదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించిరి. వారు వాడినది తిప్పతీగయేనని పరీక్షించి నిర్ధారించలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరము తెలిపినది.