గోడకు రంగు వేయించే ముందు

పండుగ సమీపించగానే ఇంటికి సున్నమో రంగో వేయించడం మన పల్లెల ఆచారం. ఆ రంగు మరుసటి వానలకే పెచ్చులుగా రాలిపోవడం కూడ అంతే అలవాటైపోయింది. లోపం రంగులో ఉన్నదని కొందరు, మేస్త్రీ పనితనంలో ఉన్నదని కొందరు భావిస్తారు. నా అభిప్రాయంలో లోపం పని వరుసలో ఉన్నది. నీరు వచ్చే దారి మూయకుండగనే గోడ ముఖాన్ని అలంకరిస్తున్నాము.

ఇది పల్లెకే పరిమితమైన సంగతి కాదు. ఢిల్లీ సరిహద్దును ఆనుకొని, ఘజియాబాద్ పరిధిలో వైశాలి అనే నివాస ప్రాంతమున్నది. 2011 జూలై 14న మెట్రో రైలు అక్కడిదాకా వచ్చింది. ఉద్యోగరీత్యా రాజధానికి వెళ్ళిన మన పిల్లలు కాపురముండేది ఇటువంటి చోట్లనే. అంతస్తుల ఇళ్ళలో పైవారి స్నానాలగది అడుగుభాగమే కిందివారి పైకప్పు. పైన గొట్టం కారితే కింద గోడ తడుస్తుంది. పైవారు సమ్మతించనిదే మరమ్మతు సాగదు. స్తంభాలు, డాబా వంటివి ఉమ్మడి ఆస్తి. ఇన్ని చిక్కులుండగా, చెమ్మపై పుట్టీ పూసి రంగు వేయించి సరిపెట్టుకొనేవారిని తప్పుపట్టలేము. మీకు ఆ నిర్బంధం లేదు. మీ డాబా పైకి మీరే నిచ్చెన వేసుకొని ఎక్కవచ్చును. ఆ స్వేచ్ఛను వినియోగించుకొనక, నగరంలో గత్యంతరం లేక చేసే పనిని మనము కోరి చేయడమే విచారకరం.

ముందుగా చెమ్మ ఎక్కడినుండి వచ్చుచున్నదో గుర్తించండి. వానల్లో మాత్రమే కనిపిస్తే పైకప్పును, పిట్టగోడను అనుమానించాలి. ఏడాది పొడవునా ఉంటే నీటి గొట్టమో స్నానాలగదియో కారణం కావచ్చును. రాత్రి కుళాయిలన్నీ కట్టివేసి, తొట్టిలో నీటి మట్టానికి గుర్తు పెట్టి, తెల్లవారి చూడండి. మట్టం తగ్గితే గొట్టమో తొట్టియో కారుచున్నదన్నమాట. నేలనుండి రెండు మూడు అడుగుల ఎత్తువరకు బారుగా తడి, తెల్లని ఉప్పు కనబడితే అది పునాదినుండి ఎగబ్రాకే చెమ్మ. అనుమానం తీరకపోతే ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గోడకు గట్టిగా అంటించి రెండు రోజులుంచండి. గోడవైపు తడిసినచో నీరు గోడలోనిది. పైవైపు తడిసినచో గాలిలోని తేమ. దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

డాబా కారుచున్నప్పుడు మొదటి పని సిమెంటు కాదు, చీపురు. వాననీరు పోయే తూములో ఆకులు, మట్టి నిండి నీరు నిలిచిన ఇళ్ళే అనేకం. తరువాత పిట్టగోడ డాబాతో కలిసే మూల చూడండి. పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. సన్నని పగులును ఉలితో కొంత వెడల్పుచేసి, దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుకతో గట్టిగా నింపాలి. పని సులువవుతుందని నీరెక్కువ పోస్తే బలం పోతుంది. కలిపిన మాలును అరగంటలో వాడుకొనండి. తడి గోనెసంచులు కప్పి కనీసం 7 రోజులు ఆరనీయకుండ ఉంచండి. ఈ వారం రోజుల ఓపిక లేకనే సగం మరమ్మతులు వ్యర్థమవుతున్నవి. గోడపై పొంగిన ఉప్పును మాత్రం కడగవద్దు; పొడి బ్రష్షుతో దులపండి. కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది.

అయితే స్తంభాల్లోనో కప్పులోనో ఇనుప చువ్వలు తుప్పుపట్టి కాంక్రీటు ఊడిపడుచున్నట్లయితే స్వహస్తాలతో పని పెట్టుకొనరాదు. దానిపై పుట్టీ పూయడం ప్రమాదాన్ని దాచడమే. ఇంజనీరుకు చూపించండి. విద్యుత్తు పని కూడ అంతే.

ఇక సొమ్ము విషయం. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో, పంట ఖర్చుకు లెక్కగట్టిన పరిమితిపై అదనంగా 10 శాతం ఇంటి అవసరాలు, కోత అనంతర ఖర్చుల నిమిత్తమే కలుపబడింది. లక్ష రూపాయల పంట ఖర్చుకు అది పదివేలు. వేరుగా కలిపే 20 శాతం వ్యవసాయ ఆస్తుల నిర్వహణకు. నివాసగృహం అందులోకి రాదు. ఎరువుల సొమ్ము రంగులకు మళ్ళించి, గడువు దాటించిన రైతు సకాల చెల్లింపుపై లభించే 3 శాతం వడ్డీ రాయితీని కోల్పోతాడు. లక్షకు ఏడాదికి మూడు వేలు. పెద్ద మరమ్మతుకు గృహ మరమ్మతు రుణం అడగండి. చిన్న మొత్తాల మరమ్మతు రుణాలను శ్రమతో కూడిన పనిగా చూసే ధోరణిని మన శాఖలు కూడ మార్చుకొనవలసి యున్నది.

విక్రేతలకు ఒక మనవి. రంగు డబ్బా అడిగిన రైతును, గోడ ఎప్పుడు తడుస్తున్నదని ముందు అడగండి. ఆనాటికి మీకు అమ్మకం తగ్గవచ్చును. కాని ఒక సంచి సిమెంటు, ఒక బ్రష్షు కొని వెళ్ళినవాడు గోడ ఆరిన తరువాత రంగుకు మీ దుకాణానికే వస్తాడు. బస్తాపై ముద్రించిన తయారీ వారము, సంవత్సరము కొనేవారికి చూపించండి. మూడు నెలలు దాటిన సరుకును చెప్పకుండ కప్పు మరమ్మతుకు అంటగట్టవద్దు.