ఊదా బీళ్ళు, మొరం బాటలు

హాలెండు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది అరచేతివలె చదునైన నేల. కాలువలు, గాలిమరలు, తులిప్ తోటలు, సముద్రమట్టానికి దిగువన గట్ల చాటున ఒదిగిన పచ్చిక బయళ్ళు. పదిహేడవ శతాబ్దంలో మన బందరు రేవులో వర్తకం సాగించి, వలందపాలెం అనే పేటకు తమ పేరు మిగిల్చిపోయిన వలందుల స్వదేశం అదే. ఆ దేశానికి తూర్పున, జర్మనీ సరిహద్దుకు చేరువలో, ఆర్నెమ్ నగరాన్ని ఆనుకొని వేలువె అనే మెట్టసీమ ఒకటి ఉన్నదనీ, అక్కడ సైకిలు తొక్కేవారికి రొప్పు పుట్టించే మిట్టపల్లాలున్నాయనీ మనలో ఎందరికో తెలియదు. ఆ మిట్టలలో పేరెన్నికగన్న పోస్‌బాంక్ ఎత్తు సుమారు 90 మీటర్లు. తూర్పు కనుమలను చూచిన కంటికి అది దిబ్బగానైనా ఆనదు గాని, చదును దేశంలో దిబ్బ కూడా కొండే.

ఆ పేరు వెనుక ఒక ముచ్చట ఉన్నది. బాంక్ అంటే డచ్చి భాషలో బెంచీ. 1883లో సైకిలుదారుల సంఘంగా పుట్టి, కాలక్రమాన మోటారు వాహనదారుల మహాసంఘంగా మారిన ఏ.ఎన్.డబ్ల్యు.బి.కి ఒకప్పుడు అధ్యక్షుడుగా ఉన్న పోస్ అనే పెద్దమనిషి గౌరవార్థం ఆ మిట్ట మీద ఒక రాతి బెంచీ కట్టించారు. బెంచీ పేరే కొండ పేరైంది. సైకిలుదారుల నాయకుని స్మృతిగా ఒక కొండ వెలసిన దేశం మరొకటి ఉన్నదో లేదో గాని, ఈ వ్యాసానికి అంతకంటే తగిన ఆరంభస్థానం లేదు.

గడచిన పదిహేను ఇరవై ఏళ్ళలో అమెరికాలోను, ఐరోపాలోను గ్రావెల్ సైకిలు అనే కొత్త జాతి వాహనం ప్రచారంలోకి వచ్చింది. పందెపు సైకిలుకు మల్లే కిందికి వంగిన హ్యాండిల్, కొండబాటల సైకిలుకు మల్లే గట్టి డిస్కు బ్రేకులు, సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పుండే టైర్లు, వాటిలో కొంచెం తక్కువ గాలి. తారు రోడ్డు మీద చులకనగా సాగుతుంది, కంకర మీద, మట్టి మీద జంకదు. 2006లో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా పట్టణంలో మొదలైన 200 మైళ్ళ పందెం దీనికి కీర్తి తెచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ గ్రావెల్ పోటీలు జరిగాయి. 2025 పోటీలకు డచ్చి దేశపు దక్షిణ కొస లింబర్గ్ వేదిక అయింది. పాలబిందెలో గడ్డిమోపులో కట్టుకొని తరతరాలుగా మొరం బాటల మీద సాగుతున్న మన పల్లెల సైకిలుకు ఎవరూ ఇటువంటి పేరు పెట్టలేదు, పందేలూ పెట్టలేదు. అది వేరే సంగతి.

పందెగాళ్ళను వదలి, తీరుబడిగా ఊరు చూడబోయే బాటసారి సంగతి చూద్దాం. ఆర్నెమ్ నుంచి జుట్‌ఫెన్ పట్టణానికి రైలుమార్గం వెంట సూటిగా పోతే ముప్ఫై కిలోమీటర్లు. వేలువె అంచున ఉన్న రేడెన్ గ్రామం మీదుగా మిట్ట ఎక్కి, బీళ్ళలో తిరిగి, ఐసెల్ నది ఒడ్డుకు దిగి చుట్టు తిరిగి పోతే యాభైకి తక్కువ కాదు. పొద్దున బయలుదేరినవాడు సాయంత్రానికి తొందర లేకుండా చేరుకోవచ్చు.

మిట్ట ఎక్కగానే ఎదురయ్యేది హీథ్. డచ్చివారు దానిని హైదె అంటారు. మనకు సరియైన మాట లేదు. బీడు అనవచ్చును గాని, బీడులో ఇంత పూత ఉండదు. హెదర్ అనే మోకాలెత్తు పొద కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు అది పూస్తుంది. అప్పుడు మిట్టలు మిట్టలే ఊదారంగుకు తిరుగుతాయి. ఆ పూత చూడడానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. ఆ ఆదివారాలలో సైకిలు యాత్ర పెట్టుకోవడం వివేకం కాదని నా అభిప్రాయం. పూత చూడాలనుకుంటే పనిదినాన, తెల్లవారి మంచు విడవకముందే వెళ్ళడం మేలు.

ఈ మిట్టలను నిలబెట్టింది హిమనదం. సుమారు లక్షన్నర ఏళ్ళ క్రితం స్కాండినేవియా నుంచి దిగివచ్చిన మంచుపలక ఇసుకను, గులకరాళ్ళను నాగలి మట్టిని తోసినట్లు తోసి గుట్టలు పేర్చింది. అయితే ఆ గుట్టల మీది ఊదారంగు మాత్రం ప్రకృతి ఇచ్చిన వరమని పొరపడరాదు. అది మనిషి చెమట. అక్కడ మొదట ఉన్నది అడవి. శతాబ్దాలుగా దానిని నరికి, గొర్రెలను మేపి, నేల పైపొరను వేళ్ళతో సహా చదరాలు చదరాలుగా చెక్కి తీసుకుపోగా మిగిలిన నిస్సారపు నేలలో హెదర్ ఒక్కటే బ్రతికింది.

ఆ పైపొర ఎందుకు చెక్కారో గ్రహించడానికి తెలుగు రైతుకు వ్యాఖ్యానం అవసరం లేదు. మన వైపు కోతలైన పొలంలో గొర్రెల మంద కట్టిస్తారు. ఎరువు చేను మీదనే పడుతుంది. వేలువె రైతు దానికి మరొక పద్ధతి పట్టాడు. పగలంతా బీడులో మేసిన గొర్రెలను రాత్రి లోతుగా తవ్విన కొట్టంలోకి తోలేవాడు. బీడు నుంచి చెక్కి తెచ్చిన గడ్డలను వాటి కాళ్ళ కింద పరచేవాడు. పేడ, మూత్రం, మట్టి కలిసి కొట్టం నిండేది. దానిని బండ్లకెత్తి ఊరిపక్కనున్న రై ధాన్యపు చేలకు తోలేవాడు. ఒక ఎకరం చేను పండడానికి అనేక ఎకరాల బీడు తన సారాన్ని ధారపోసింది. ఏటేటా ఇట్లా ఎరువు పడిపడి కొన్ని పాత చేలు చుట్టుపక్కల నేలకంటే మీటరు వరకు ఎత్తు పెరిగాయి. సైకిలు మీద పోతూ ఊరి దాపున హఠాత్తుగా ఉబ్బెత్తుగా కనిపించే పొలం ఉంటే, అది గొర్రెలు మోసిన నేల అని అనుకోవచ్చు.

అతిగా చెక్కిన చోట నేల తిరగబడింది. కప్పు పోయిన ఇసుక గాలికి లేచి పొలాలను, బాటలను కప్పివేసింది. కోట్‌వైక్ దగ్గరి ఇసుకమేట నేటికీ ఎడారి తునకలా కనిపిస్తుంది. 1899లో ఏర్పడిన ప్రభుత్వ అటవీశాఖ చేపట్టిన మొదటి పనులలో ఇటువంటి ఇసుకను పైన్ చెట్లతో కట్టివేయడం ఒకటి. ఆ కాలానికే రసాయనిక ఎరువు వచ్చింది. ఆస్ట్రేలియా ఉన్ని చవకగా దిగింది. గొర్రెతో పని తీరిపోయింది. బీళ్ళలో అధికభాగం పొలాలుగా, పైన్ తోటలుగా మారిపోయాయి. మిగిలిన వాటిలో ఒక ముఖ్యభాగాన్ని 1905లో స్థాపితమైన ప్రకృతి పరిరక్షణ సంఘం సేకరించి, 1930లో వేలువెజోమ్ పేరుతో ఆ దేశపు తొలి జాతీయ ఉద్యానంగా ప్రకటించింది.

ఇక్కడికి కథ సుఖాంతం కావలసింది. కాలేదు. ఒకనాడు గంపెడు ఎరువు కోసం మనిషి ఆ నేలను గోకి ఒలిచాడు. ఈనాడు ఆకాశం నుంచి అడగకుండా ఎరువు కురుస్తున్నది. పశువుల కొట్టాల నుంచి లేచే అమోనియా, మోటార్ల నుంచి, కర్మాగారాల నుంచి వెలువడే నత్రజని వాయువులు వానతోను, ధూళితోను బీళ్ళ మీద దిగుతాయి. నిస్సారపు నేలకు సారం అందితే మంచిదే గదా అనిపించవచ్చు. హెదర్‌కు అదే ముప్పు. సారం తగిలిన చోట గడ్డి విజృంభించి దానిని ఊపిరాడనివ్వదు. నేల ఆమ్లమై సున్నం కరిగిపోతుంది. సున్నం లేక నత్తలు తగ్గిపోయాయి. నత్తగుల్లలు తినలేని పిట్టలు పలుచని పెంకు గల గుడ్లు పెట్టడాన్ని వేలువె అడవులలో 1980లలోనే పరిశోధకులు గమనించారు.

2019 మే నెలలో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, నత్రజనికి సంబంధించిన ప్రభుత్వ అనుమతుల విధానం చెల్లదని తీర్పు చెప్పింది. అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని ముంచెత్తారు. రైతును దోషిగా నిలబెట్టడం సులభం. పశువులను పెంచు, మరింత పెంచు అని దశాబ్దాల పాటు అతనిని ప్రోత్సహించినవారు ఎవరూ ట్రాక్టరు ఎక్కవలసిన అవసరం రాలేదు.

ఈలోగా బీడును బ్రతికించడానికి పాత పనులే మళ్ళీ చేస్తున్నారు. ఒకప్పుడు పారతో చెక్కిన పైపొరను నేడు యంత్రంతో చెక్కి తొలగిస్తున్నారు. కాపరులు జీతానికి మందలను తోలుతున్నారు, ఉన్ని కోసం కాదు, గడ్డి తినిపించడం కోసం. వారి మీద మరో కష్టం వచ్చి పడింది. 2019లో వేలువెలో తోడేలు పిల్లలను కన్నది. శతాబ్దానికి పైగా తోడేలు పొడ ఎరగని దేశంలో కాపరులు రాత్రిళ్ళు విద్యుత్ కంచెల నడుమ మందలను కాచుకుంటున్నారు.

ఇటువంటి నేల మీద చక్రం నడిపేటప్పుడు కొంత మర్యాద అవసరం. గుర్తుపెట్టిన బాట దిగి పొదలలోకి పోరాదు. వసంతంలోను, గ్రీష్మారంభంలోను నైట్‌జార్, వుడ్‌లార్క్ వంటి పక్షులు నేల మీదనే గుడ్లు పెడతాయి. ఇసుక తగిలిన చోట తడబడేవారు సాధారణంగా చేసే పని బ్రేకు నొక్కడం. నొక్కితే ముందుచక్రం దిగబడుతుంది. ముందుగానే తేలిక గేరుకు మార్చుకొని, బరువు వెనక్కు వేసి, హ్యాండిల్‌ను బిగపట్టకుండా తొక్కుతూనే ఉండాలి. అయినా ఆగిపోతే దిగి నడవడంలో నామోషీ ఏమీ లేదు.

దారి తప్పుతామన్న దిగులు అక్కరలేదు. కూడలి కూడలికీ ఒక అంకె రాసిన పలక ఉంటుంది. పోవలసిన అంకెల వరుసను చీటీ మీద రాసుకొంటే చాలు. ఈ ఉపాయం పన్నినవాడు పొరుగున ఉన్న బెల్జియంలోని లింబర్గ్ సీమకు చెందిన గనుల ఇంజనీరు హ్యూగో బోలెన్. గనులలో సొరంగాల కూడళ్ళకు అంకెలు వేసే అలవాటును పైకి తెచ్చి 1995లో సైకిలు బాటలకు వేశాడు. అప్పటికి ఆ సీమ బొగ్గుగనులన్నీ మూతబడ్డాయి.

మిట్ట దిగి రైలుపట్టా దాటితే గాలి మారుతుంది. ఇసుక పోయి బంకమట్టి వస్తుంది, పైన్ పోయి విల్లో చెట్లు వస్తాయి. ఎదుట ఐసెల్. ఆర్నెమ్ దగ్గర రైన్ నది నుంచి చీలి ఉత్తరంగా పోయే పాయ ఇది. గట్టుకూ నదికీ నడుమనున్న నేలకు డచ్చి భాషలో పేరు పెద్దది. గోదావరి తీరవాసులకు లంక భూమి అంటే చాలు. ఎండకాలంలో ఆవులు మేస్తాయి, చలికాలంలో నీరు నిలుస్తుంది.

బ్రమెన్ గ్రామం వద్ద ఒక రేవు ఉన్నది. పడవ మీద సైకిలుతో సహా నిమిషాలలో అవతలి ఒడ్డుకు చేరవచ్చు. అక్కడ బ్రాంక్‌హార్స్ట్ అనే చిన్న ఊరు 1482లో పొందిన నగరహోదాను నేటికీ చెప్పుకొని మురుస్తుంటుంది. ఒక చుట్టు తిరిగి, టీ తాగి, అదే పడవ మీద ఇవతలికి రావడం మంచిది. ఎందుకంటే చూడవలసినది ఇవతలి ఒడ్డున ఉన్నది.

1993లోను, 1995లోను ఆ దేశపు నదులు పొంగాయి. రెండవసారి గట్లు తెగుతాయన్న భయంతో రెండున్నర లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. శతాబ్దాలుగా గట్టు మీద గట్టు పోసుకొంటూ వచ్చిన ప్రభుత్వం అప్పుడు ఎదురుదిశలో ఆలోచించి, నదికి చోటు విడవడం అనే పథకం చేపట్టింది. బ్రమెన్‌కు ఉత్తరాన కోర్టెన్‌ఊవర్ వద్ద కొత్త గట్టును వెనక్కు జరిపి కట్టి, పాత గట్టును కొన్నిచోట్ల తగ్గించారు. మహావరద వస్తే నీరు ఆ పొలాల మీదుగా పోతుంది. అక్కడ నేటికీ సేద్యం సాగుతున్నది. ఆ పొలాల నడుమ మెలికలు తిరిగే బాట మీద సైకిలుకు ఏ ఆటంకమూ లేదు. జుట్‌ఫెన్ చర్చి గోపురం దూరాన చాలాసేపు కనిపిస్తుంది, దగ్గరైనట్టే ఉండి దగ్గర కాదు. ఆ చర్చిలో పదహారవ శతాబ్దపు గ్రంథాలయం ఒకటి ఉన్నది. దొంగలు ఎత్తుకుపోకుండా పుస్తకాలను గొలుసులతో బల్లలకు బిగించి ఉంచారు.

తిరుగు ప్రయాణానికి రైలులో సైకిలుకు వేరుగా టిక్కెట్టు తీసుకోవాలి. ఉద్యోగులు తిరిగే రద్దీవేళలలో అనుమతించరు. చలికాలంలో వెళ్ళేవారు మాత్రం బయలుదేరే ముందు నదిలో నీటిమట్టం విచారించుకోవలసి ఉంటుంది. లంక బాటలు మునిగిన రోజులలో గట్టు మీది బాట ఒక్కటే మిగులుతుంది, పడవా నడవదు.