ఇంట్లోనే పండ్ల పుల్ల ఐసు



ఎండలు ముదిరి, వీధిలో ఐసుబండి గంట వినబడితే చాలు, పిల్లలు డబ్బులకోసం కొంగు పట్టుకొని వదలరు. కొనిస్తే ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో మనకు తెలియదు. నీళ్ళు గడ్డకడితే అందులోని క్రిములు చచ్చిపోతాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. చాలా క్రిములు చలికి కదలక ఉండి, కడుపులో వెచ్చదనం తగలగానే మళ్ళీ పెరుగుతాయి. పసిపిల్లల వాంతులు, విరేచనాలు ఇలాగే మొదలవుతుంటాయి. గనుక ఇంట్లోనే చేసి ఇవ్వండి.

మామిడిపండ్ల కాలంలో రసాలను మించినవి లేవు. బాగా పండినవి రెండు కడిగి, చేతులు సబ్బుతో కడుక్కొని, గుజ్జు పిండండి. గ్లాసు గుజ్జుకు కాచి చల్లార్చిన నీళ్ళు పావు గ్లాసు, అర చెక్క నిమ్మరసం కలపండి. రుచి చూచి, చప్పగా ఉంటేనే రెండు చెంచాల పంచదార వేయండి. చల్లనివాటిలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది గనుక పండు బాగా పండి ఉండాలి. పంచదార మరీ ఎక్కువైతే సరిగా గడ్డకట్టదు. నీళ్ళు ఎక్కువైతే రాయిలా తయారై పిల్లలు కొరకలేరు.

చిన్న స్టీలు గ్లాసులలో ముప్పావు వంతు పోసి ఫ్రిజ్‌లో ఐసు గదిలో పెట్టండి. గంటన్నర తరువాత కాస్త గట్టిపడ్డాక మధ్యలో పుల్ల గుచ్చండి. చీపురుపుల్లలు గుచ్చేవారూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి! స్టీలు చెంచా నయం. ఆరు నుండి ఎనిమిది గంటలు ఉంచి, గ్లాసును అర నిమిషం మామూలు నీళ్ళలో ముంచితే ఊడివస్తుంది. ఫ్రిజ్ లేనివారు పొరుగింటివారిని అడిగితే కాదనరు, వారి పిల్లలకూ రెండు చేసిపెట్టండి.

పుచ్చకాయ, సపోటా కూడా బాగుంటాయి. సపోటాకు నీళ్ళ బదులు కాచి చల్లార్చిన పాలు పోయండి. అనాసను మాత్రం పచ్చిగా పాలలో కలపకండి, చేదెక్కుతుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె కలిపినది పెట్టకూడదు.

కరెంటు పోయి ఐసు కరిగిపోయిన యెడల వెంటనే రసంగా తాగించేయండి, మళ్ళీ గడ్డకట్టించవద్దు. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఈ ఐసు మందు కాదు. ఓ.ఆర్.ఎస్. పొడిని ప్యాకెట్టుమీద వ్రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టిస్తూ, బిడ్డ నీరసించినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.