ట్యాంకు తీశారు సరే, మట్టిని పరీక్షించారా?



అమీర్‌పేట నుండి మధురానగర్ మెట్రో స్టేషను దిశగా ఒకసారి నడిచి చూడండి. పాత ఇళ్లు పోయి అంతస్తులు లేస్తున్నాయి. కింద సెల్లారు, పక్కన బోరు. నేల ఇంత ప్రియమైన చోట రోడ్డువార పెట్రోలు బంకు కూడా ఏదో ఒకనాడు మూతపడి అపార్టుమెంటుగానో, దుకాణ సముదాయంగానో మారడం సహజం. అప్పుడు భూగర్భంలోని ట్యాంకులను క్రేనుతో ఎత్తుకుపోతారు, లేదా ఇసుక నింపి కప్పివేస్తారు. ఆ గోతి అడుగునున్న మట్టిని పరీక్షించేదెవరు?

"పేలుడు పదార్థాల శాఖవారి కాగితం ఉందండీ" అంటారు. ఆ కాగితాన్ని నేను చులకన చేయను. అయితే 1934 నాటి పెట్రోలియం చట్టం, 2002 నాటి నియమాలు ప్రధానంగా అగ్నిప్రమాదాన్నీ పేలుడునూ దృష్టిలో పెట్టుకొని రాసినవి. ట్యాంకులో ఆవిరి మిగలలేదన్న ధ్రువపత్రం వెల్డింగు పనివాని ప్రాణం కాపాడుతుంది. ఏళ్ల తరబడి తుప్పు రంధ్రాల గుండా బొట్టుబొట్టుగా నేలలోకి దిగినదాని గురించి మాత్రం అది మౌనం వహిస్తుంది.

పెట్రోలులో బెంజీన్ అనే పదార్థముంది. ఎముక మజ్జను దెబ్బతీసి రక్తకణాల తయారీని మందగింపజేస్తుంది. రక్త క్యాన్సరుకు కారణమవుతుందని నిర్ధారణ అయినది. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ. నేటి ప్రమాణాల ప్రకారం పెట్రోలులో బెంజీన్ ఒక శాతం వరకు ఉండవచ్చు. లెక్క వేయండి: ఒక లీటరు పెట్రోలులో సుమారు 10 మి.లీ.; అది పూర్తిగా నీటిలో కరిగితే దాదాపు తొమ్మిది లక్షల లీటర్లను ఆ హద్దుకు చేర్చగలదు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 175! దేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్మడం మొదలైంది 2000 ఫిబ్రవరిలో. అంతకు ముందునుండీ నడిచిన బంకయితే మట్టిలో సీసాన్ని కూడా వెదకాలి.

"వాసన రావడం లేదు కదా" అనేవారికి ఒక మాట. నీటిలో బెంజీన్ మన ముక్కుకు తెలియాలంటే ఆ హద్దుకు వందల రెట్లు ఉండాలి. నీటి ఫిల్టరు అమ్మేవారు జేబులోంచి తీసి చూపే టీడీఎస్ మీటరు లవణాలను కొలుస్తుంది, బెంజీనును కాదు. ఆర్ఓ పొర ఉప్పును ఆపినంత నమ్మకంగా దానిని ఆపదు. కాచితే గిన్నెలోంచి వంటగది గాలిలోకి వస్తుంది. "మేము తాగేది జలమండలి నల్లా నీరు, బోరు నీరు స్నానానికే" అన్న ధీమా కూడా చాలదు. వేడినీటి స్నానంలో అది శ్వాసతో లోపలికి పోతుంది. కలుషితమైన మట్టిలోని ఆవిరి సెల్లారు నేల పగుళ్లలోంచి పైకి రాగలదు. కాపలాదారు కుటుంబం పడుకునేది తరచుగా అక్కడే. రక్తహీనతతో వచ్చిన రోగిని వృత్తి ఏమిటని అడుగుతాము. మీ ఇంటి స్థలంలో పూర్వం ఏముండేదని అడిగే వైద్యుడు అరుదు.

ఇదంతా ఊహ అనుకునేవారు చెన్నైలోని తండయార్‌పేటను గుర్తు చేసుకోవాలి. 2013లో అక్కడి ఇళ్ల బోర్లలో నీటితోపాటు ఇంధనం వచ్చింది. అది ట్యాంకు కాదు, భూగర్భ గొట్టపు మార్గం నుండి కారినది. కారినదేదైనా నేల తీరు ఒకటే. మన హైదరాబాదులో పైన మొరం, కింద పగుళ్లున్న గ్రానైటు. ఇంధనం ఆ పగుళ్లవెంట పోతుంది గనుక ఒక బోరు శుభ్రంగా ఉన్నంత మాత్రాన పక్కింటి బోరు బాగున్నట్లు కాదు.

పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. ట్యాంకు తీసిన రోజే గోతి అడుగునుండి, గోడలనుండి, పంపుల కింద, గొట్టాల అతుకుల కింద మట్టి తీయాలి. బిగుతైన సీసాలో గాలి మిగలకుండా నింపి ఐసుపెట్టెలో ప్రయోగశాలకు పంపాలి. ఎండలో సంచిలో వేసి పంపితే బెంజీన్ దారిలోనే ఎగిరిపోయి "ఏమీ లేదు" అన్న నివేదిక వస్తుంది. భూగర్భజలం ఎటు ప్రవహిస్తున్నదో తెలియడానికి కనీసం మూడు పరిశీలక బావులు కావాలి. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి నీరు తీయాలి. అమెరికాలో 1984 నుండి భూగర్భ ట్యాంకులపై ప్రత్యేక చట్టముంది. శాశ్వతంగా మూసేముందు లీకు జరిగిందేమో కొలిచి చూపాలి. అక్కడ బయటపడిన లీకులు అయిదు లక్షలకు పైమాటే.

మన దగ్గర? కొత్త బంకు నివాస ప్రాంతానికి 50 మీటర్ల దూరంలో ఉండాలని, వీలుకాని చోట కూడా 30 మీటర్లకు తగ్గరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. బాగుంది. మరి పాత బంకు నేలమీదే ఇల్లు కట్టినప్పుడు ఆ దూరమెంత?

ఖర్చని గొణిగేవారిపై నాకు జాలి లేదు. ఆ స్థలం అమ్మిన ధరలో ఈ పరీక్ష వ్యయం ఏ మూలకు? 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు వచ్చాయి. అనుమానిత స్థలాల జాబితా ఇవ్వవలసింది స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం. రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి. కనుక మూతపడిన ప్రతి బంకునూ పురపాలక సంస్థ ఆ జాబితాలో చేర్చాలి, నివేదిక చూడనిదే నిర్మాణ అనుమతి ఇవ్వరాదు. మీ వీధిలో అలాంటి గొయ్యి తవ్వుతుంటే కాంక్రీటు పోయకముందే కాలనీ సంఘం తరఫున లిఖితపూర్వకంగా అడగండి: ఎన్ని చోట్ల, ఎంత లోతున మట్టి తీశారు, బెంజీన్ ఎంత వచ్చింది? కాంక్రీటు పడిన తరువాత ఆ మట్టి మళ్లీ చేతికందదు.