చిన్న చాకు – పూల చిప్స్

కొలిమిగుండ్ల అనగానే ఊరివాళ్ళు కానివాళ్ళకు బెలుం గుహలు గుర్తొస్తాయి. మనకైతే ముందు ఎండే గుర్తొస్తుంది! నాపరాళ్ళ మిద్దెమీద వడియాలు, వరుగులు ఎండబెట్టడం మనకు కొత్త కాదు. ఈ వారం వాటికి, చిప్స్‌కి కూడా కాస్త సింగారం చేద్దామా? పెద్ద సరంజామా అక్కర్లేదు. పదునున్న చిన్న చాకు ఒకటి చాలు.

చాలామంది చక్రాలు తరిగేసి, ఒక్కొక్కదాన్నీ పువ్వులా చెక్కుతూ కూర్చుంటారు. పది చెక్కేసరికి నడుము పట్టేస్తుంది. ముందు గాడులు, తర్వాత చక్రాలు! కిటుకంతా ఇదే.

క్యారెట్‌ను చెక్కుతీసి మూడంగుళాల ముక్కలు చేసుకోండి. నిలువునా ఐదుచోట్ల, చాకును అటూ ఇటూ ఏటవాలుగా పెట్టి కోసి, సన్నని పుల్లల్లా తీసెయ్యండి. ఇప్పుడు అడ్డంగా తరిగితే ప్రతి చక్రమూ ఐదు రేకుల పువ్వే! బీట్‌రూట్‌కీ ఇదే పద్ధతి. కాకపోతే దాని రంగు మిగతావాటికి అంటకుండా విడిగా వేయించాలి. ఆపిల్‌కి చెక్కే పనే లేదు. అడ్డంగా కోస్తే గింజల గూడే నక్షత్రంలా కనిపిస్తుంది. గింజలు తీసి, నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచి, పల్చటి బట్ట కప్పి ఎండబెట్టండి.

ఏది తరిగినా రూపాయి బిళ్ళ మందం దాటకూడదు. అన్నీ ఒకే మందంలో ఉండాలి. లేకపోతే కొన్ని మాడతాయి, కొన్ని మెత్తబడతాయి.

ఉర్లగడ్డలు (బంగాళదుంపలు) ఫ్రిజ్‌లో పెట్టినవి వాడకండి. చలికి వాటిలోని పిండి చక్కెరగా మారి, చిప్స్ నల్లబడి చేదెక్కుతాయి. తరిగిన ముక్కల్ని చన్నీళ్ళలో అరగంట నానబెట్టి, బట్టమీద తడి పూర్తిగా ఆరాకే నూనెలో వెయ్యండి. లేత పసుపు రంగు రాగానే దించెయ్యాలి. దుంపల్ని ఎర్రగా మాడ్చి వేయిస్తే ఆక్రిలమైడ్ అనే చెడ్డ పదార్థం పెరుగుతుంది. వేయించిన పదార్థాల్లో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. క్యారెట్, బీట్‌రూట్‌లలో తీపి ఎక్కువ కనుక అవి త్వరగా మాడతాయి, సన్నని సెగ చాలు.

వేళ్ళు జాగ్రత్త సుమా! మొద్దు చాకుకు బలం ఎక్కువ పెడతాం. అది జారి చెయ్యి తెగుతుంది. చాకు ముందే సానపట్టించి ఉంచండి. ముక్కను చేతిలో పట్టుకుని చెక్కకుండా పీటమీద తడిగుడ్డ మడతలో ఆనించండి. పిల్లలు సరదాపడితే చాకు ఇవ్వకండి, చక్రాలు పరిచే పని అప్పగించండి.

మరి గాడుల్లోంచి తీసిన పుల్లలో? చెత్తబుట్ట దారి పట్టనివ్వకండి. సన్నగా తరిగి పప్పులోనో, పెరుగుపచ్చడిలోనో వేస్తే సరి. పారేసే సింగారం మన ఇంటికి నప్పదు కదా!