సీరియస్ స్టూడెంట్లకు మాత్రమే, 24 జీబీ

"సీరియస్‌గా ఉన్నవాళ్ళు ఎలాగో ఒకలా సెటప్ చేసుకుంటారు."

ఈ ముక్క చదివినప్పట్నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. రాసిందెవరో చెప్పను, ఒక మెమరీ ఫోరెన్సిక్స్ వర్క్‌షాపు నిర్వాహకులు అనుకోండి. రాసింది మా పిన్ని కొడుక్కి. ఇంజనీరింగు మూడో సంవత్సరం, సెలవులకి బూర్గంపాడులో ఉన్నాడు. వర్క్‌షాపు నాలుగు రోజులుందనగా మెయిలొచ్చింది: ఈ 24 జీబీ వర్చువల్ మెషీన్ దించుకుని, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఎక్కించుకుని రండి అని.

వాడి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. నెట్టంటే ఫోను హాట్‌స్పాటే, రోజుకి ఒకటిన్నర జీబీ. లెక్క మీరే వెయ్యండి, 16 రోజులు! పాపం సారపాకలో ఫ్రెండు ఇంటికెళ్ళి రాత్రంతా కూర్చున్నాడు. 19 జీబీ దగ్గర తెగింది, మళ్ళీ మొదటికొచ్చింది. కుదరట్లేదు సార్ అని రాస్తే వచ్చిన జవాబే పైన చెప్పింది.

ఇంకో తమాషా చూడండి. ఫోరెన్సిక్స్ అంటేనే హ్యాష్. చేతికొచ్చిన ఫైలు మారలేదని నిరూపించడం మొదటి పాఠం. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్లో కూడా హ్యాష్ విలువ రాయాలి. ఆ పాఠం చెప్పేవాళ్ళు 24 జీబీ ఫైలు పక్కన ఒక్క ఎస్‌హెచ్‌ఏ-256 లైను పెట్టలేదు. ఫైలు సరిగ్గా దిగిందో లేదో ఎట్లా తెలియాలి, జాతకం చూపించుకునా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, వర్చువల్ మెషీన్ వద్దని నేననను. యాభై మంది దగ్గర యాభై రకాల పైథాన్‌లుంటే పొద్దంతా ఇన్‌స్టలేషన్‌కే సరిపోతుంది. డంప్‌లోంచి అనుమానపు ప్రోగ్రామ్ బయటికి తీస్తే మన యాంటీవైరస్ దాన్ని గుటుక్కున మింగేస్తుంది. అవన్నీ నిజాలే. కానీ మెమరీ డంప్ అనేది కదలని ఫైలండీ. దాన్ని చదవడానికి రంగురంగుల డెస్క్‌టాపు, మూడొందల హ్యాకింగ్ టూల్సు ఎందుకు? పైథాన్, వోలటిలిటీ 3, ఒక నల్లటి తెర చాలు.

అసలు గొయ్యి ఇంకోచోట ఉంది. వోలటిలిటీ 3 విండోస్ డంప్ చదవాలంటే ఆ కెర్నల్ తాలూకు సింబల్ ఫైలు కావాలి. లేకపోతే మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి తెచ్చుకోబోతుంది. నెట్ లేకపోతే "అన్‌శాటిస్ఫైడ్ రిక్వైర్మెంట్" అని మొహాన కొట్టి ఊరుకుంటుంది. కొత్త పిల్లాడు తనకే ఏదో రాలేదనుకుంటాడు. ఉన్న డంప్‌కి సరిపోయే ఆ ఒక్క చిన్న ఫైలు ముందే సింబల్స్ ఫోల్డర్లో పెట్టిస్తే గొడవే లేదు. ఆ పని 24 జీబీల్లోనూ చెయ్యలేదట, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు.

ఒక ఆదివారం కూర్చుని నేనే చేశా. వర్చువల్‌బాక్స్‌లో గ్రాఫిక్స్ లేని డెబియన్, దానికి 1 జీబీ ర్యామ్. ఇంకో మెషీన్లో విండోస్ 7 పెట్టి, ఒక ప్రోగ్రాముకి ఎస్‌వీసీహోస్ట్ అని దొంగపేరు పెట్టి నడిపించి, వీబాక్స్‌మేనేజ్ డీబగ్‌వీఎం కమాండుతో మెమరీ దింపా. సింబల్ ఫైలు అందులోనే. మొత్తం కుదిస్తే ఒకటీపావు జీబీ. పక్కన హ్యాష్ కూడా రాశానండోయ్.

ఇంత రచ్చ ఎందుకంటారా? 2019లో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకి ర్యాన్సమ్‌వేర్ పట్టింది. అలాంటిది రేపు ఏ మండలాఫీసులోనో జరిగితే అక్కడున్న మనిషి చేసే మొదటి పని, ప్లగ్గు పీకడం. ర్యామ్‌లో ఉన్న తాళంచెవి, నెట్‌వర్క్ కనెక్షన్లు అన్నీ దాంతోపాటే హుష్‌కాకి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకెక్కిన వరద చూసిన ఊళ్ళవి. కరెంటు పోతే ఏం పోతుందో మావాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు, కంప్యూటర్లో ఏం పోతుందో చెబితే చాలు. హైదరాబాదు నుంచి ఎక్స్‌పర్టు బయల్దేరి వచ్చేలోపు ఆ మెమరీ ఆగదు. అక్కడే ఉండే కుర్రాడికి వచ్చి తీరాలి. ఆ కుర్రాణ్ణే మీరు గుమ్మం దగ్గర ఆపేశారు. ఆపింది వాడి బుర్ర చూసి కాదు, వాడి ఊళ్ళో టవర్ని, వాళ్ళ నాన్న జేబుని చూసి.

రాత్రి పదకొండింటికి ఫోను. "అన్నా, ఈ ఎస్‌వీసీహోస్ట్‌లన్నిటికీ పేరెంట్ సర్వీసెస్ అని ఉంది, ఒక్కదానికి మాత్రం వేరే ఉందేంటి? ఇది దొంగదేనా?"

ఆ లింకు, హ్యాష్‌తో సహా, నిర్వాహకులకీ పంపించా. జవాబు లేదు.